చౌరస్తాలో జొన్నమ్మ

మా వీధి చివర ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. పొద్దున కిటికీ తెరవగానే తడి సిమెంటు వాసన, పచ్చిగా, చల్లగా, కాస్త సున్నపు ఘాటుతో లోపలికి వచ్చి ఇల్లంతా పరుచుకుంటుంది. ఇంట్లో వాళ్ళు ముక్కు చిట్లించి కిటికీ వేయమంటారు. నేను మాత్రం టీ గ్లాసు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడతాను. మిగతా వాళ్ళకు అది ఉత్త సిమెంటు వాసన. నాకు అందులో పాత బెల్లం వాసన, ఎండుగడ్డి వాసన, మా అవ్వ కాల్చే జొన్న రొట్టె వాసన కూడా కలిసి వస్తాయి. ఎందుకంటే నేను మొదటిసారి సిమెంటు వాసన చూసింది మా బెల్లం గోదాములో. అక్కడ ఒక మనిషి, ఒక్క వర్షాకాలమంతా కూర్చుని, జహీరాబాద్ చౌరస్తా కోసం ఒక ఆడమనిషిని తయారుచేశాడు. ఆ ఆడమనిషికి మా నీలమ్మత్త ముఖం వచ్చింది.

మా నాయన బెల్లం వ్యాపారి. చౌరస్తాకు నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. ముందు దుకాణం, మధ్యలో ఇల్లు, వెనకాల పెద్ద పెరడు, పెరట్లో రేకుల గోదాము. దీపావళి దాటి చెరుకు గానుగలు మొదలైతే ఆ గోదాములో బెల్లం ముద్దలు కప్పు దాకా పేర్చి ఉండేవి, చీమలూ ఈగలూ మేమూ కలిసి దాని చుట్టూ తిరిగేవాళ్ళం. వానలు మొదలయ్యే సరికి అది ఖాళీ అయ్యేది, కానీ నేలకు అంటిన తీపి వాసన మాత్రం పోయేది కాదు, చినుకు పడ్డప్పుడల్లా లేచి ఇంట్లోకి వచ్చేది. మా అవ్వ పుట్టిల్లు బీదర్ వైపు. కోపం వస్తే కన్నడంలో తిట్టేది, ప్రేమ వస్తే తెలుగులో పిలిచేది. పచ్చి జొన్న కంకులు నిప్పుల్లో కాల్చి అరచేతుల మధ్య నలిచి ఊదితే వచ్చే మెత్తటి గింజల్ని మేము ఊస బియ్యం అంటే, ఆమె సీతెని అనేది.

చౌరస్తా చరిత్ర మాకు చెప్పింది కూడా అవ్వే. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు అక్కడ ఎడ్లు నీళ్ళు తాగే పెద్ద రాతి తొట్టి ఉండేదట. బీదర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి వచ్చే బండ్లన్నీ అక్కడే ఆగి, ఎడ్లను విప్పి, ఒకళ్ళ తంబాకు ఒకళ్ళు పంచుకుని, ఊళ్ళ ముచ్చట్లు చెప్పుకుని కదిలేవట. తర్వాత తొట్టి పక్కన కిరోసిన్ దీపపు స్తంభం వచ్చింది. బొంబాయి సడక్ మీద లారీలు పెరిగాక తొట్టి తీసేసి గుండ్రటి గద్దె కట్టారు, దాని మీద గొడుగు కింద పోలీసు నిలబడి చేతులు ఊపేవాడు. ఎండకు తట్టుకోలేక ఆయన ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి వెళ్ళిపోయాక, గద్దె ఖాళీగా మాకు మిగిలింది. బడి నుంచి రాగానే దాని చుట్టూ లగోరీ ఆడేవాళ్ళం; పెంకులు పేర్చడానికి అంత చదునైన జాగా ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

ఆ గద్దె మీద ఎవరి బొమ్మ పెట్టాలన్నది పెద్దవాళ్ళ తగాదా. ఒకరు ఒక నాయకుడంటే ఇంకొకరు ఇంకో నాయకుడనేవారు. చౌరస్తా దుకాణదారులు మా వసారాలో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగుతూ వాదించుకునేవారు, మాట తెగేది కాదు. ఒకనాటి సాయంత్రం అవ్వ చాయ్ గ్లాసులు తీసుకుంటూ, "ఇంతమంది తినేది జొన్నరొట్టె. గా జొన్న కోసేదాన్ని ఒకదాన్ని పెట్టరాదురా, ఎవలికీ లొల్లి ఉండది" అంది. నవ్వులాటకే అంది. కానీ అందరూ నవ్వి ఊరుకున్నాక, ఆ మాట మాత్రం మిగిలింది.

దుకాణదారులు పిలిపిస్తే శ్రావణంలో బసన్న వచ్చాడు. బీదర్ అవతలి పల్లెవాడు. గుళ్ళ మీద దేవతలనూ, బావుల దగ్గర నందులనూ చేసేవాడు. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూ ఉండేవాడు. గొంతు మాత్రం బొత్తిగా లేదు. ఖాళీగా ఉంది కదా అని నాయన గోదాము ఇచ్చాడు. చెరుకు కాలానికి ఖాళీ చేయాలన్నది ఒక్కటే షరతు. బసన్న ఇనుప చువ్వలు వంచి మనిషి ఆకారం కట్టాడు, దానికి ఎండుగడ్డి తాడు చుట్టాడు, పైన సన్నటి తీగ జాలీ కట్టి, తాపీతో సిమెంటు మెత్తడం మొదలుపెట్టాడు. బయట వాన, రేకుల మీద చప్పుడు, లోపల లాంతరు వెలుగులో రోజురోజుకీ పాదాలు, పిక్కలు, గోచికట్టు చీర మడతలు పుట్టుకొస్తుంటే, మేము పిల్లలం బెల్లం గడ్డలు చప్పరిస్తూ గడప మీద కూర్చుని చూసేవాళ్ళం.

ముఖం దగ్గరే ఆయనకు చిక్కొచ్చింది. ఎన్నిసార్లు చేసినా దేవత ముఖమే వచ్చేది. పెద్ద కళ్ళు, సన్న ముక్కు, ఎవరినీ చూడని చూపు. చేసేవాడు, వెనక్కి జరిగి చూసేవాడు, తల కొట్టుకుని చెరిపేసేవాడు. "చెయ్యికి అదే అలవాటాయెనవ్వా" అని మా అవ్వ దగ్గర మొర పెట్టుకునేవాడు.

అప్పటికి మా నీలమ్మత్త మా ఇంటికి తిరిగొచ్చి ఏడాది దాటింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. న్యాల్‌కల్ దగ్గరి పల్లెకు ఇచ్చారు. మామ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. పాతికేళ్ళు కూడా నిండని మనిషి, మా ఇంట్లో అందరికంటే పొడవు, పెళ్ళికి ముందు ఆమె నవ్వితే దుకాణం దాకా వినిపించేదట. నేను చూసిన అత్త మాత్రం గోధుమరంగు చీరలో, బోసి నుదురుతో, బోసి చేతులతో వంటింట్లో రొట్టెలు కొడుతూ ఉండేది. వసారాలోకి కూడా వచ్చేది కాదు. పొద్దున ఎవరైనా ప్రయాణమై బయల్దేరుతుంటే తనే తలుపు వెనక్కి తప్పుకునేది. అలా తప్పుకోమని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అక్కర్లేదని కూడా ఎవరూ చెప్పలేదు.

వంటింటి కిటికీలోంచి గోదాము కనిపించేది. ఒకరోజు బసన్న బొమ్మ నెత్తిన జొన్న కంకుల గంప పెడుతుంటే కిటికీలోంచి అత్త గొంతు వినబడింది: "గట్ల ఎత్తుకుంటె మెడ ఇరుగుతది. ఎన్నడన్న గంప ఎత్తినవా నువ్వు?"

బసన్న పాట ఆపేశాడు. "ఎత్తలేదక్కా. నువ్వు చూపియ్యి" అన్నాడు.

ఆమె వస్తుందని నేననుకోలేదు. చేతికి అంటిన పిండి దులుపుకుంటూ వచ్చింది. మూల ఉన్న గంప తీసి, చీర కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, గంప ఎత్తుకుని, ఒక చెయ్యి అంచుకు ఆనించి, ఒక కాలు మీద కాస్త బరువు వేసి నిలబడింది. "గిట్ల" అంది. అంతలో గడప మీద ఉన్న మా చిన్నోడు బెల్లం గడ్డ చీమలతో సహా నోట్లో వేసుకుని కెవ్వుమన్నాడు. అత్త నవ్వింది. గంప నెత్తి మీద ఉండగానే, దాన్ని పడనీయకుండా, పెదాలు బిగబట్టి, కళ్ళతో నవ్వింది. బసన్న తాపీ చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

అత్తను చూస్తూ బొమ్మ చేయడానికి మరునాడు ఆయన మా అవ్వను అనుమతి అడిగాడు. అవ్వ చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. చివరికి, "పెరట్లనే గద. నిలవడితె ఏం పోయింది" అంది. అప్పుడు నాకు తెలియలేదు గానీ, గోదాములో అత్త నవ్విన ఆ నవ్వు వంటింటి కిటికీలోంచి అవ్వ కూడా చూసే ఉంటుంది. అలా భాద్రపదమంతా, రొట్టెల పని అయ్యాక, అత్త గంప ఎత్తుకుని కాసేపు నిలబడేది. ఊరికే నిలబడేది కాదు, బసన్న పాట బాగాలేదనేది, బొమ్మ నడుము సన్నగా ఉందనేది, "పొలం పని చేసేదాని నడుమా గది?" అనేది. బసన్న నడుము లావు చేసేవాడు. పాట మాత్రం మార్చలేదు.

నాయన ఆ నెలంతా హుమ్నాబాద్ వైపు చెరుకు రైతుల దగ్గర తిరుగుతున్నాడు. దసరా ముందు ఇంటికి వచ్చేసరికి బొమ్మ పూర్తయింది, రంగులు కూడా పడ్డాయి. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, నెత్తిన తెల్లటి కంకులు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. నాయన కాళ్ళు కడుక్కుని నేరుగా గోదాములోకి వెళ్ళాడు. వెంట నేనూ పరుగెత్తాను, ఆయన ముఖంలో సంతోషం చూద్దామని. ఆయన బొమ్మను కింది నుంచి పైకి చూసి, ముఖం దగ్గర ఆగాడు. తర్వాత మెల్లగా, "గిదేందమ్మా?" అన్నాడు, అవ్వ వైపు తిరిగి. "నా చెల్లెను తీస్కపోయి చౌరస్తల నిలవెడ్తరా? గీ బొట్టేంది, గీ గాజులేంది? సూసినోళ్ళు ఏమనుకుంటరు? మొకం మార్చుమను."

బసన్న ఉలి చేతిలోకి తీసుకున్నాడు. "అన్నా, నువ్వంటె ఇప్పుడె కొట్టేస్త. కానీ గీ మొకం నాకు మల్ల రాదు" అన్నాడు.

అత్త ఎప్పుడొచ్చిందో, తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె నాయన ముందు ఎన్నడూ గొంతెత్తలేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. "అన్నా, నావి తీసినప్పుడు నేనేం అనలె," అంది. "ఆమెవి గూడ తీపిస్తవా?"

నాయన అత్త వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, దుకాణంలోకి వెళ్ళిపోయాడు. రాత్రి భోజనం చేయలేదు. మరునాడు పొద్దున బసన్నను పిలిచి, బండి ఎప్పుడు కావాలో చెప్పమన్నాడు. అంతే, ముఖం మాట మళ్ళీ ఎత్తలేదు.

దీపావళి వెళ్ళాక బొమ్మ గద్దె ఎక్కింది. ఊరంతా వచ్చింది. మేళాలు, బూందీ లడ్డూలు, ఉపన్యాసాలు. ఉపన్యాసాల్లో ఏమన్నారో నాకు గుర్తులేదు గానీ లడ్డూలో లవంగం పంటి కింద పడ్డం గుర్తుంది. అత్త మాత్రం రాలేదు. బొమ్మకు ఎవరు పెట్టారో తెలియదు, వారం తిరిగేసరికి జొన్నమ్మ అని పేరు పడిపోయింది. "జొన్నమ్మ కాడ ఆగు", "జొన్నమ్మ ఎనుక దుకాణం" అనేవాళ్ళు. బడిలో నేను అందరికీ చెప్పాను, ఆమె మా అత్తేనని. కొందరు నమ్మారు. నవ్వినవాళ్ళూ ఉన్నారు, మా దూరపు బంధువు ఒకావిడ మా ఇంటికి పేరంటం పిలుపు మానేసింది. అవ్వ ఆ సంగతి విని, "మంచిదాయె, ఆమె ఇంట్ల లడ్డూలు రాళ్ళ తీరుగుంటయి" అని రొట్టె తిప్పింది.

ఆ చలికాలం ఎల్లమాస పండుగకు, అంటే పైరు కంకి మీదున్న అమావాస్య నాడు, మేమందరం బండి కట్టుకుని చిరాగ్‌పల్లి దగ్గరున్న మా చేనికి వెళ్ళాం. ఎల్లమాస మా వైపు చేని పండుగ. ముందు రోజే ఇల్లంతా నువ్వుల వాసన. నువ్వులు అద్దిన సజ్జ రొట్టెలు, చల్ల పోసి కాచిన జొన్న అంబలి, పచ్చి అనపకాయలూ బఠాణీలూ వంకాయలూ మెంతికూరా దొరికిన ప్రతి కాయా వేసి శనగపిండితో చిక్కగా వండిన భజ్జి, బెల్లం పాయసం గంపలకెత్తి చేనికి పోవడం, జొన్న కట్టలతో చిన్న గుడిసె వేసి అందులో రాళ్ళు నిలబెట్టి పూజ చేయడం, అవ్వ ముందు నడుస్తూ చేను చుట్టూ అంబలి చిలకరిస్తూ కన్నడంలో ఏదో కేక వేస్తే, అర్థం తెలియకపోయినా మేమంతా గొంతు చించుకుని తిరిగి అరవడం. మా ఇంటికి తిరిగొచ్చాక అత్త ఇల్లు కదలడం అదే మొదటిసారి. అవ్వ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బండెక్కించింది. తలెత్తు జొన్నల మధ్య అత్త నిలబడితే కంకులు ఆమె భుజాలకు తగిలేవి. మమ్మల్నైతే పూర్తిగా మింగేసేవి. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని భజ్జిలో సజ్జ రొట్టె ముంచుకుని ఎంత తిన్నామో, సాయంత్రం బండిలో ఒకళ్ళ మీద ఒకళ్ళం వాలి కదలలేకపోయాం.

పొద్దు గూకుతుండగా చౌరస్తా చేరాం. అక్కడ బండ్లు ఆగి ఉన్నాయి. చేలనుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళు దిగి, తలా రెండు కంకులు జొన్నమ్మ పాదాల దగ్గర పెట్టి, కుంకుమ అద్ది పోతున్నారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు అది, ఆ పూటే మొదలైంది. బండి జరగడానికి దారి లేక నాయన ఎడ్లను ఆపాడు. రాయికోడ్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, చేతిలో కుంకుమ పొట్లంతో గద్దె దిగుతూ మా బండి వైపు చూసి ఆగిపోయింది. బొమ్మను చూసింది, అత్తను చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. "అయ్యో బిడ్డా, నువ్వేనాయె గీమె!" అని నోరంతా తెరిచి నవ్వి, బండి అంచు పట్టుకుని పైకి సాగి, ఎవరైనా ఏమైనా అనేలోగా, బొటనవేలితో అత్త నుదుట బొట్టు పెట్టేసింది. "సల్లగుండు బిడ్డా" అని తన బండి వైపు వెళ్ళిపోయింది. ఆమెకేమీ తెలియదు.

అత్త చెయ్యి నుదుటి వైపు లేచింది. అవ్వ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నేను నాయన వీపు వైపు చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు గానీ, ఆ ముసలామె మాట విన్నాడని ఆయన మెడ నిలిచిన తీరే చెప్పింది. కాసేపటికి "హో, హో" అని ఎడ్లను అదిలించాడు. ఇంటి దాకా అవ్వ అత్త చెయ్యి వదల్లేదు.

మరునాడు పొద్దున అత్త ముఖం కడుక్కుని, దేవుడి గూట్లో కుంకుమ భరిణె ముందు చాలాసేపు నిలబడి, చిన్న బొట్టు పెట్టుకుంది. శనగగింజంత. వంటింట్లోకి వచ్చి రొట్టెల పిండి పిసకడం మొదలుపెట్టింది. మేమందరం చూశాం, ఎవరం చూసినట్టు ఉండలేదు. నాయన ఆ వారం మళ్ళీ హుమ్నాబాద్ వెళ్ళి వచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ, తువ్వాల్లో చుట్టిన పొట్లం అవ్వ చేతిలో పెట్టి, "గివి నీలకు" అని దుకాణంలోకి నడిచాడు. ఆకుపచ్చ గాజులు. బొమ్మ చేతికున్న రంగే. అత్త వాటిని తొడుక్కుని ఆ రోజు రొట్టెలు కొడుతుంటే గాజుల చప్పుడు ఇల్లంతా వినబడింది. దుకాణంలో ఉన్న నాయనకు కూడా వినబడే ఉంటుంది.

ఆ తర్వాత అత్త మెల్లగా ముందు వసారాలోకి, అక్కణ్ణుంచి దుకాణంలోకి, అక్కణ్ణుంచి అంగడికి వచ్చింది. నాయనకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక బెల్లం రుచి చూసి కొనేది ఆమే. గానుగల దగ్గర రైతులు "జొన్నమ్మొచ్చింది" అనేవాళ్ళు. మళ్ళీ పెళ్ళి మాట కూడా ఒకసారి వచ్చింది. వద్దంది. "నాకేం తక్కువైంది?" అంది. నిజంగానే ఆమె ముఖంలో తక్కువేమీ కనిపించేది కాదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు జొన్నమ్మను తీసేశారు. అప్పటికే రంగు పెచ్చులు లేచి, గంపలో పావురాలు గూడు పెట్టి, ఒక చెయ్యి వేళ్ళు రాలిపోయి ఉన్నాయి. అత్తకు బాధగా ఉంటుందని నేను సెలవు పెట్టి మరీ వచ్చాను. ఆమె గొడుగు వేసుకుని, క్రేను దగ్గరకు పోయి, "నడుముకాడ తాడెయ్యి నాయనా, జర పైలం" అని చెబుతూ నిలబడింది. ఎత్తుతుండగా బొమ్మ నడుము దగ్గరే విరిగింది. లోపల నల్లబడిన ఎండుగడ్డి రాలింది. "సూడు, లోపలంత గడ్డే," అని అత్త పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. తర్వాత ఆమె గొడుగు ముడిచి, కాసేపు ఎండలోనే నిలబడింది.

ఇప్పుడక్కడ గద్దె లేదు, లగోరీ ఆడే పిల్లల్లేరు, ఇరానీ హోటల్ జాగాలో ఫోన్ల దుకాణం వచ్చింది. బసన్న ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. అవ్వ లేదు, నాయన లేడు. ఎల్లమాసకు మా చేనికి పోవడానికి బండి లేదు. చేలో జొన్న కూడా లేదు, అల్లం వేస్తున్నారు. చౌరస్తాలో పొడవాటి దీపపు స్తంభం ఒకటి నిలబడి ఉంది, దాని కింద ఎవరూ ఆగరు.

పోయిన నెల జహీరాబాద్ వెళ్ళినప్పుడు అత్తను దవాఖానకు తీసుకెళ్ళి ఆటోలో తిరిగొస్తున్నాను. ఎనభైకి దగ్గరపడింది, చూపు మాత్రం కాస్త మందగించింది, అంతే. ఆటో నడిపే కుర్రవాడు వెనక్కి తిరిగి, "అమ్మా, జొన్నమ్మ కాడ దిగుతరా, ముందటికి పోనియ్యాల్నా?" అని అడిగాడు.

అత్త నా చెయ్యి గిల్లి, అమాయకంగా, "జొన్నమ్మంటె ఎవలు బిడ్డా?" అంది.

"ఏమోనమ్మా. ఎన్కట ఎవరో పెద్దామె ఉంటుండెనట గీడ. మా తాత చెప్తుండె."

"మంచిదేనా మరి?"

ఆటో ఒక లారీని తప్పించుకుంటూ పక్కకు జరిగింది. కుర్రవాడు కాస్త ఆలోచించి, "మంచిది కాకుంటె పేరెట్ల మిగుల్తదమ్మా?" అన్నాడు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతికి ఆకుపచ్చ గాజులే ఉన్నాయి. నవ్వు ఆపుకోవడానికి చాలాసేపే పట్టింది ఆమెకు. ఆ తర్వాత ముందుకు వంగి, కుర్రవాడి భుజం తట్టి, "ఆపు బిడ్డా," అంది, "గీడనే దిగుత."